సంస్థ మూతపడ్డా మిగిలే కోడు: లినక్స్ ఆటగాడిగా ఓపెన్ సోర్స్ వార్తలను నేను చదివే తీరు

సభకు నమస్కారం.

2025 మార్చిలో లినక్స్ కెర్నల్ 6.14, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు కొత్త కూర్పు, వెలువడినప్పుడు నాకు తెలిసిన కుర్రవాళ్లు పదిమంది దాకా ఒకే వార్తను పంపారు. ఎన్‌టీసింక్ అనే కొత్త డ్రైవర్ వల్ల లినక్స్ మీద విండోస్ ఆటల వేగం 678 శాతం వరకు పెరుగుతుందన్నది దాని సారాంశం. డర్ట్ 3 అనే కార్ల పందెం ఆటలో సెకనుకు 110 ఫ్రేములు వచ్చేవి 860 అయ్యాయని అంకెలు కూడా ఇచ్చారు. వారం తిరిగేసరికి ఆ కుర్రవాళ్లలోనే కొందరు ఫోన్ చేసి, కొత్త కెర్నల్ వేసుకున్నా తమ ఆటల్లో ఒక్క ఫ్రేము కూడా పెరగలేదని, ఇదంతా ఒట్టి ప్రచారమేనా అని నిరాశతో అడిగారు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నకు జవాబే.

ఆ అంకె అబద్ధం కాదు. ఆట నడుస్తున్నప్పుడు లోపల పదుల కొద్దీ థ్రెడ్లు ఏకకాలంలో పనిచేస్తుంటాయి, ఒకటి శబ్దాన్ని, ఒకటి బొమ్మలను, మరొకటి వస్తువులు ఢీకొనే లెక్కలను చూసుకుంటూ, ఒకదాని పని పూర్తయ్యేదాకా ఇంకొకటి ఆగుతూ ఉంటుంది. ఎవరు ఆగాలి, ఎవరిని లేపాలి అన్న వ్యవహారాన్ని విండోస్‌లో కెర్నలే చూస్తుంది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపే వైన్‌లో మాత్రం ఆ పని మొదటినుంచీ వైన్‌సర్వర్ అనే వేరొక ప్రాసెస్ చేతిలో ఉండేది. అంటే ప్రతి చిన్న సంతకానికీ ఊళ్లో పని ఆపి మండల ఆఫీసుకు వెళ్లి రావడం లాంటిది. సెకనుకు కొన్ని వేల సార్లు ఆ ప్రయాణం తప్పకపోతే ఆట ఎంత నెమ్మదిస్తుందో మీరు ఊహించుకోవచ్చు. 678 శాతం అన్నది ఆ మామూలు వైన్‌తో పోల్చి చెప్పిన అంకె. కానీ వాల్వ్ సంస్థ నడిపే స్టీమ్ అనే ఆటల దుకాణం ద్వారా ఆడుకునేవాళ్లలో చాలామంది మామూలు వైన్ వాడటం లేదు. వాళ్లు వాడే, వైన్‌కే వాల్వ్ మెరుగులు దిద్దిన ప్రోటాన్‌లో ఈసింక్, ఎఫ్‌సింక్ అనే ఉపాయాలు కొన్నేళ్లుగా ఆ ప్రయాణాన్ని చాలావరకు తప్పిస్తూనే ఉన్నాయి. పైగా కెర్నల్‌లో ఆ డ్రైవర్ వచ్చేనాటికి అధికారిక వైన్, ప్రోటాన్ దాన్ని ఇంకా వాడటం మొదలుపెట్టలేదు. అందువల్ల వారి తెరమీద పెద్ద తేడా కనిపించలేదు.

అయితే ఇది చిన్న వార్తా అంటే, నా దృష్టిలో ఆ ఏడాది వచ్చిన పెద్ద వార్తల్లో ఇదొకటి. పెద్దతనం ఆ శాతంలో లేదు. ఈసింక్, ఎఫ్‌సింక్ రెండూ విండోస్ ప్రవర్తనకు దగ్గరగా వెళ్లాయి తప్ప అచ్చంగా దాన్ని చేయలేకపోయాయి. కొన్ని అరుదైన సందర్భాల్లో ఆటలు ఏ కారణమూ తెలియకుండా ఆగిపోయేవి. పైగా అవి అసలు వైన్‌లోకి ఎన్నడూ చేరలేదు. చేర్చదగినంత కచ్చితంగా లేవని వైన్ నిర్వాహకులు భావించారు. ఈసింక్‌ను రాసిన, వైన్‌ను పోషించే కోడ్‌వీవర్స్ సంస్థ ఇంజనీరు ఎలిజబెత్ ఫిగురాయే, తన పాత పనిలోని లోపాలను తానే ఒప్పుకుని, విండోస్ పద్ధతిని ఉన్నదున్నట్టుగా కెర్నల్‌లోనే అమర్చే డ్రైవర్‌ను రాశారు. అది 2024 ఆరంభంలో కెర్నల్ మెయిలింగ్ లిస్టుకు చేరి, విమర్శలు ఎదుర్కొని, పలుమార్లు దిద్దుబాటై, ముక్కలుగా లోపలికి వచ్చి, ఏడాది పైబడిన తర్వాత 6.14లో పూర్తి రూపంలో నిలిచింది. ఇక అది ఒక సంస్థ ప్యాచ్ కాదు, లినక్స్‌లో భాగం. లినక్స్ డిస్ట్రోల్లో, అంటే రకరకాల బృందాలు కట్టి ఇచ్చే లినక్స్ రూపాల్లో, ఫెడోరా వాడినా, డెబియన్ వాడినా, స్టీమ్ అన్న మాటే వినకపోయినా, ఆ వసతి కెర్నల్‌తో పాటే మీ చేతికి వస్తుంది.

మా కాలువ కింద సేద్యం చేసినవారికి ఎగువ, దిగువ అన్న మాటల విలువ విడిగా చెప్పనక్కరలేదు. తలగేటు దగ్గర నీళ్లు వదిలితే చివరి ఆయకట్టు దాకా అందరి చేలూ తడుస్తాయి. మధ్యలో ఎవరో మోటారు పెట్టి తన పొలానికి మాత్రమే తోడుకుంటే ఆ రైతుకు పంట వస్తుందేమో గానీ కాలువకు ఏమీ మిగలదు. ఓపెన్ సోర్స్‌లో అప్‌స్ట్రీమ్, అంటే కోడు పుట్టే అసలు ప్రాజెక్టు, ఆ తలగేటే. లినక్స్ ఆటల గురించి ఏ వార్త చదివినా నేను మొదట వెతికేది ఇదే: ఈ పని తలగేటు దగ్గర జరిగిందా, మధ్యలో మోటారు దగ్గర జరిగిందా? ఆ వెంటనే రెండో ప్రశ్న: ఈ పని చేసిన సంస్థ రేపు మూతపడితే నా చేతిలో ఏం మిగులుతుంది?

ఈ రెండో ప్రశ్న ఊరికే పుట్టలేదు. 1998లో అమెరికాలో లోకీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ మొదలైంది. అప్పటికే విండోస్‌లో పేరున్న ఆటలను లినక్స్‌కు తెచ్చి పెట్టెల్లో పెట్టి అమ్మడం వారి వ్యాపారం. కొనేవాళ్లు చాలినంత మంది లేక 2002 జనవరిలో మూతపడింది. అప్పటి పత్రికలు చదివితే లినక్స్ ఆటల కథ అక్కడితో ముగిసిందనే అనిపిస్తుంది. కానీ ఆ సంస్థలో పనిచేసిన సామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ స్వేచ్ఛా లైసెన్సుతో బయట ఉంది. కీబోర్డును, జాయ్‌స్టిక్కును, శబ్దాన్ని, తెరమీది కిటికీని ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఒకే తీరున అందుకునేలా చేసే పనిముట్టు అది. పాతికేళ్లు దాటిన తర్వాత ఈనాటికీ లెక్కలేనన్ని ఆటలు దానిమీదే నిలబడి ఉన్నాయి, 2025 జనవరిలో దాని మూడో తరం కూడా స్థిరరూపంలో విడుదలైంది. లోకీ అమ్మిన పెట్టెలు ఇప్పుడు సేకర్తల అలమరల్లో ఉంటాయి. దాని కోడు మాత్రం మీ ఫోనులో కూడా ఉండే అవకాశం ఉంది.

అదే కాలంలో దీనికి తలకిందులైన కథ ఒకటి నడిచింది. వైన్ అప్పట్లో చాలా సరళమైన లైసెన్సు కింద ఉండేది. ఎవరైనా తీసుకుని, మార్చి, మార్పులను తమ దగ్గరే దాచుకోవచ్చు. ట్రాన్స్‌గేమింగ్ అనే కెనడా సంస్థ వైన్‌ను తీసుకుని, విండోస్ ఆటలు బొమ్మలకూ శబ్దానికీ వాడే డైరెక్ట్‌ఎక్స్ భాగాలు కలిపి, మొదట వైన్‌ఎక్స్ అని, తర్వాత సెడెగా అని చందాకు అమ్మింది. కీలకమైన భాగాలు తిరిగి వైన్‌కు రాలేదు. 2002లో వైన్ బృందం లైసెన్సును, మార్పులు చేసి పంచేవారు ఆ మార్పులనూ బయటపెట్టాలనే ఎల్‌జీపీఎల్‌కు మార్చింది. పదేళ్లు తిరగకుండానే సెడెగా కనుమరుగైంది, చందాలు కట్టినవారికి ఏమీ మిగలలేదు. 1993లో మొదలైన వైన్ మాత్రం అలెగ్జాండర్ జూలియార్డ్ నాయకత్వంలో నేటికీ ప్రతి రెండు వారాలకూ ఒక కొత్త కూర్పు ఇస్తూనే ఉంది.

దీన్నిబట్టి కట్టుదిట్టమైన లైసెన్సు ఉంటే చాలునని మీరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. నా అభిప్రాయాన్ని మార్చినది డీఎక్స్‌వీకే. ఫిలిప్ రీబోలే అనే జర్మన్ ప్రోగ్రామర్, తనకు నచ్చిన ఒక ఆట వైన్‌లో సరిగా కనిపించకపోవడంతో, విండోస్ గ్రాఫిక్స్ భాష లాంటి డైరెక్ట్3డీ 11 ఆదేశాలను, లినక్స్‌లోనూ నడిచే వల్కన్ అనే గ్రాఫిక్స్ పద్ధతిలోకి మార్చే పొరను సొంతంగా రాయడం మొదలుపెట్టారు. అది 2018 ఆరంభంలో బయటికి వచ్చింది, కొద్దికాలానికే వాల్వ్ సంస్థ ఆయనకు జీతమిచ్చి ఆ పనిమీదే ఉంచింది, ఆ ఏడాది ఆగస్టు 21న ప్రోటాన్ వెలువడింది. డీఎక్స్‌వీకే లైసెన్సు చాలా సరళమైనది. ఎవరైనా దాచుకుని అమ్ముకోవచ్చు. అయినా ఆ పని దాగిపోలేదు, ఎందుకంటే దాన్ని ముందుకు నడిపే చేతులు అందరి ఎదుటా పనిచేస్తున్నాయి, ప్రతి లోపమూ, ప్రతి సవరణా బహిరంగంగా చర్చకు వస్తోంది. లైసెన్సు ఇచ్చేది రక్షణ. ప్రాణం పోసేది ఆ అలవాటు. ఈ రెండింటిలో ఏది లేని ప్రాజెక్టు గురించైనా ఎంత మంచి వార్త వచ్చినా నేను తొందరపడి సంతోషించను.

గ్రాఫిక్స్ డ్రైవర్ల విషయానికి వస్తే నాకు కాస్త ఎక్కువసేపు మాట్లాడాలని ఉంది. నేను చదువుకునే రోజుల్లో డబ్బు కూడబెట్టి కొన్న సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డుకు తయారీదారు ఇచ్చిన డ్రైవర్ మూసిన పెట్టెలా ఉండేది. కెర్నల్ మారినప్పుడల్లా తెర నల్లబడేది. తప్పు ఎక్కడుందో నాకు చూసే వీలు లేదు, చూడగలిగిన ఏ ప్రోగ్రామర్‌కూ ఆ హక్కు లేదు. మూడేళ్లు తిరిగాక ఆ కార్డు పాతదైపోయిందని ఆ సంస్థ డ్రైవర్ ఇవ్వడం మానేసింది. కార్డు బాగానే ఉంది, ఫ్యాను చక్కగా తిరుగుతోంది, కానీ దానిచేత పని చేయించే అధికారం నాది కాకుండా పోయింది. డబ్బిచ్చి కొన్న వస్తువు మన సొంతం కాదని తెలిసిన ఆ రోజు నాకు కలిగిన బాధే నన్ను ఈ దారిలోకి తెచ్చింది.

ఇప్పటి పరిస్థితి చూడండి. ఏఎండీ 2007లో తన చిప్‌ల వివరాలను బహిరంగంగా ప్రచురించడం మొదలుపెట్టింది. వల్కన్ వచ్చినప్పుడు, తమ డ్రైవర్‌ను తెరిచి ఇస్తామని ఆ సంస్థ చెప్పినా అది వెంటనే రాలేదు. ఆ లోగా 2016లో డేవిడ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హౌజెన్ అనే ఇద్దరు, ఏఎండీ ఉద్యోగులు కాకపోయినా, ర్యాడ్‌వీ అనే సొంత డ్రైవర్‌ను, ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లకు పుట్టిల్లయిన మీసా ప్రాజెక్టులో మొదలుపెట్టారు. ఏఎండీ తన అధికారిక ఏఎండీవీఎల్‌కేను 2017 చివరలో తెరిచింది. ఒకే చిప్‌కు రెండు డ్రైవర్లు: ఒకటి తయారుచేసినవారిది, ఒకటి బయటివారిది. వాల్వ్ బయటివారి డ్రైవర్‌ను ఎంచుకుని, దానికోసం ఏసీఓ అనే షేడర్ కంపైలర్‌ను రాయించి 2019లో ప్రకటించింది. షేడర్ అంటే ప్రతి చుక్క ఏ రంగులో ఉండాలో లెక్కించే చిన్న ప్రోగ్రాము. ఆట మధ్యలో కొత్త షేడర్ కంపైల్ అవుతుండగా తెర ఒక్క క్షణం గడ్డకట్టినట్టు ఆగడం మీలో చాలామందికి అనుభవమే. ఏసీఓ ఆ పనిని బాగా త్వరితం చేసింది, వెలువడే కోడూ మెరుగైంది. కొన్నేళ్లలో లినక్స్ మీద ఆటలాడే ఏఎండీ వినియోగదారులకు డ్రైవర్ అంటే ర్యాడ్‌వీ అన్నట్టయింది. చివరికి 2025లో ఏఎండీయే తన ఏఎండీవీఎల్‌కేను ఆపివేస్తున్నట్టు, ఇకపై ర్యాడ్‌వీనే తన అధికారిక డ్రైవర్‌గా బలపరుస్తున్నట్టు ప్రకటించింది. చిప్‌ను తయారుచేసిన సంస్థ, తమ డ్రైవర్‌ను వదిలి బయటివారు మొదలుపెట్టిన డ్రైవర్‌ను స్వీకరించడం నా జీవితంలో చూస్తాననుకోలేదు. ఈ వార్త పత్రికల్లో రెండు పేరాలకు మించి రాలేదు. 678 శాతం వార్తకు దొరికిన చోటులో నాలుగోవంతు దీనికి దొరికినా బాగుండేది.

ఎన్విడియా సంగతి వేరు. 2022 మేలో ఆ సంస్థ కెర్నల్ మాడ్యూళ్లను తెరిచింది, దాన్ని నేను స్వాగతించాను. అయితే తెరిచినది కింది పొర మాత్రమే. ఆటకు ప్రాణమైన వల్కన్, ఓపెన్‌జీఎల్ పొరలు ఇంకా మూసే ఉన్నాయి. ఆ లోటును పూడ్చడానికి కొలాబొరా అనే ఓపెన్ సోర్స్ సంస్థలో ఫెయిత్ ఎక్‌స్ట్రాండ్, రెడ్‌హ్యాట్ ప్రోగ్రామర్లతో కలిసి మొదలుపెట్టిన ఎన్‌వీకే డ్రైవర్ మీసాలో క్రమంగా బలపడుతోంది. ఎన్విడియా కార్డు ఉన్నవారు ఎన్‌వీకే వార్తలను వదలకుండా చదవాలని నా మనవి.

ఇక కలవరం పుట్టించే వార్తల గురించి. 2019 జూన్‌లో ఉబుంటు అనే లినక్స్ డిస్ట్రో, పాత తరం ప్రోగ్రాములకు కావలసిన 32 బిట్ ప్యాకేజీలను పూర్తిగా తొలగిస్తామని ప్రకటించింది. పాత ఆటలు, వైన్, స్టీమ్ అన్నీ వాటిమీద ఆధారపడినవే కావడంతో వాల్వ్ ఇక ఉబుంటును అధికారికంగా సిఫార్సు చేయబోమన్నది, కొద్ది రోజుల్లోనే ఉబుంటు వెనక్కి తగ్గి అవసరమైన ప్యాకేజీలను కొనసాగించింది. ఆరేళ్ల తర్వాత 2025 జూన్‌లో ఫెడోరాలో అచ్చంగా అలాంటి ప్రతిపాదనే వచ్చింది. అది అమలైతే, ఫెడోరా మీద నిర్మించిన బజైట్ అనే ఆటల డిస్ట్రో మూతపడక తప్పదని దాన్ని స్థాపించినవారే అన్నారు. ఫెడోరా ఆటలను చంపేస్తోందని శీర్షికలు వచ్చాయి. నిజానికి అది నిర్ణయం కాదు, చర్చకు పెట్టిన ప్రతిపాదన. చర్చలో వచ్చిన అభ్యంతరాలు విని, పెట్టినవారే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ కొద్ది రోజుల్లో ప్రతిపాదించినవారిని తిట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, అందుకు నేను నొచ్చుకున్నాను. వేల ప్యాకేజీలను రెండేసి సార్లు కట్టి, పరీక్షించి, విరిగినప్పుడల్లా బాగుచేసే భారం ఎవరి మీద పడుతోందో ఆలోచించకుండా, మన పాత ఆట కోసం ఆ భారాన్ని వాళ్లు మోస్తూనే ఉండాలనడం న్యాయం కాదు. పరిష్కారం వేరే చోట తయారవుతోంది. వైన్ 9.0 నాటికి, అంటే 2024 జనవరికి, 32 బిట్ విండోస్ ప్రోగ్రాములను 64 బిట్ లైబ్రరీలతోనే నడిపే ఏర్పాటు చాలావరకు సిద్ధమైంది. దాన్ని పరీక్షించి లోపాలు చెప్పడం మనం చేయగలిగిన సాయం.

ఆటలో మోసాలను పట్టే యాంటీ-చీట్ ప్రోగ్రాముల గురించి చెప్పకుండా ఉండలేను గానీ, అక్కడ చెప్పగలిగింది తక్కువ. 2021 సెప్టెంబరులో ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ రెండూ ప్రోటాన్‌కు తలుపు తెరిచినప్పుడు మనం పండగ చేసుకున్నాం. 2024 అక్టోబరు 31న ఏపెక్స్ లెజెండ్స్ అనే ఆట నిర్వాహకులు లినక్స్‌ను మోసగాళ్ల దారిగా పేర్కొంటూ ఆ తలుపు మూసేశారు. అప్పటిదాకా నిక్షేపంగా ఆడుకున్నవారు ఒక్కరోజులో బయటపడ్డారు. దయతో ఇచ్చినది దయ తగ్గగానే పోతుందని, మన చేతిలో లేని తాళం గురించిన శుభవార్తను శాశ్వతమనుకోకూడదని ఆ రోజు మళ్లీ తెలిసింది.

అదే కొలతను వాల్వ్‌కు కూడా వర్తింపజేయాలి. నేను వాల్వ్‌కు కృతజ్ఞుణ్ణి. 2015 నాటి స్టీమ్ మెషీన్లు అనే లినక్స్ ఆటల కంప్యూటర్లు అమ్ముడుపోకపోయినా ఆ సంస్థ లినక్స్‌ను వదలలేదు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే పరికరంతో లక్షల మంది తమకు తెలియకుండానే ఆర్చ్ లినక్స్ మీద ఆటలాడుతున్నారు. 2025 అక్టోబరులో స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా మొదటిసారి 3 శాతం దాటింది. అయితే స్టీమ్ క్లయింటు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. మనం కొన్న ఆటల్లో చాలావాటి తాళంచెవి ఆ సంస్థ దగ్గరే ఉంది. వాల్వ్ రేపు మనసు మార్చుకుంటే మనకు మిగిలేది వైన్, డీఎక్స్‌వీకే, మీసా, ఎస్‌డీఎల్, కెర్నల్‌లోని మార్పులు. అవి మిగులుతాయి కాబట్టే నేను వాల్వ్‌ను మెచ్చుకుంటున్నాను. వాటిని పోషించే జీతాలు ఎక్కువగా ఒకే సంస్థ నుంచి వస్తున్నాయి కాబట్టే భయపడుతున్నాను కూడా. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి బయటపడినప్పుడు, ఇంచుమించు ఒంటరిగా దాన్ని మోస్తూ అలసిపోయిన ఒక నిర్వాహకుడి నమ్మకాన్ని రెండేళ్ల పాటు ఓపికగా సంపాదించి ఒకడు లోపలికి చొరబడ్డాడని తెలిసింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందన్న అనుమానంతో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడకపోతే అది ప్రపంచమంతా వ్యాపించేది. మనం ఆడే ఆటల కింద అలాంటి ఒంటి స్తంభాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టిన వార్త ఒక్కటైనా రావాలని కోరుకుంటున్నాను.

మన భాషకు నేరుగా తగిలే వార్త ఒకటి ఉంది. 2023 మార్చిలో వచ్చిన, ఆటలు తయారుచేసే గోడో 4.0 ఇంజిన్‌లో అక్షరాలను పేర్చే పనిని హార్ఫ్‌బజ్ లైబ్రరీకి అప్పగించారు. దానివల్ల తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా, తారుమారు కాకుండా ఆట తెరమీద సరిగా కూర్చుంటాయి. అంతకుముందు తెలుగులో ఆట చేయాలనుకున్నవారిలో కొందరు ప్రతి వాక్యాన్నీ బొమ్మగా గీసి అతికించుకునేవారు. ఆ హార్ఫ్‌బజ్‌యే ఫైర్‌ఫాక్స్‌లోనూ, ఆండ్రాయిడ్‌లోనూ మన అక్షరాలను పేరుస్తోంది. తలగేటు దగ్గర ఒకసారి వదిలిన నీళ్లు ఎంత దూరం పారాయో చూడండి.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇదే గదిలో మళ్లీ కూర్చుందాం. మీ ల్యాప్‌టాప్‌లో సరిగా నడవని ఆట ఏదైనా ఉంటే తీసుకురండి. స్టీమ్‌లో ఆ ఆట లాంచ్ ఆప్షన్లలో ప్రోటాన్ లాగ్ విలువను 1గా పెడితే మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక లాగ్ ఫైలు వచ్చి పడుతుంది. అందులో లోపం ఎక్కడ మొదలైందో వెతకడం, అదే ఫిర్యాదు ఇంతకుముందే ఎవరైనా రాశారేమో చూడడం, రాయకపోతే మీ కార్డు పేరు, డ్రైవర్ కూర్పు, కెర్నల్ సంఖ్యతో సహా స్పష్టంగా రాయడం కలిసి చేద్దాం. నేను పంపిన మొదటి ఫిర్యాదు నాలుగు వాక్యాలది, పాత కార్డులో నీటి నీడలు నల్లగా కనిపించడం గురించి. మూడు వారాలకు ఎవరో ముక్కూ మొహం తెలియని వ్యక్తి ఆ లోపాన్ని సరిచేసి, ఇప్పుడెలా ఉందో చూసి చెప్పమని నన్ను అడిగారు. చూశాను, నీళ్లు నీలంగా ఉన్నాయి, అదే రాశాను.